చేపల వైన్ అని పక్కన పెట్టేయకండి

వెర్దిక్కియో అనే ఇటాలియన్ వైట్ వైన్ తాగాక నోట్లో చివరికి మిగిలేది ఒక చిన్న చేదు. బాదం పప్పులు తింటుంటే మధ్యలో ఒక చేదు పప్పు తగులుతుంది చూడండి, ఆ చేదులో పదో వంతు అనుకోండి. ఆ చేదు కోసమే నేను ఈ వైన్ తాగుతాను. కానీ మొదటిసారి తాగినప్పుడు అది నాకు తెలియనే లేదు, ఎందుకంటే ఆ రోజు గ్లాసులో పోసిన వైన్ మంచుగడ్డలా ఉంది.

చదువు కోసం రెండేళ్లు అంకోనాలో ఉన్నాను. ఇటలీకి తూర్పు వైపు, అడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉన్న రేవు పట్టణం అది, మార్కె అనే ప్రాంతానికి రాజధాని. వెళ్లిన మొదటి వారంలోనే క్లాస్‌మేట్స్ రేవు దగ్గర ఒక హోటల్‌కి తీసుకెళ్లారు. ఐసు బకెట్లో చాలాసేపు మునిగి ఉన్న సీసా తెచ్చి పోశారు. నిమ్మకాయ పిండిన చల్లటి నీళ్లలా అనిపించింది, అంతే. ఇక్కడి వాళ్లు ఇంత గొప్పగా చెప్పుకునేది దీని గురించేనా అనుకుని, ఆ తర్వాత చాలా నెలలు దాని జోలికే పోలేదు.

మళ్లీ దాని దగ్గరికి లాక్కొచ్చింది మా ఇంటావిడ, అంటే నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు. డెబ్బై దాటిన మనిషి, కింది వాటాలో ఒక్కరే ఉండేవారు. జూన్‌లో ఒక ఆదివారం భోజనానికి పిలిచారు. వెళ్లేసరికి వంటింటి బల్ల మీద వెర్దిక్కియో సీసా ఉంది, ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట అయినట్టుంది, అద్దం మీద చెమట కూడా ఆరిపోయింది. చల్లదనం పోతోందేమో, మళ్లీ లోపల పెట్టమంటారా అని అడిగాను. "అలాగే ఉండనీ. మరీ చల్లగా ఇస్తే దాని నోరు కట్టేసినట్టే" అన్నారు.

ఆ రోజు తిన్నది మోషొలి. అంకోనాకి దక్షిణంగా కోనెరో అనే కొండ ఒకటి తిన్నగా సముద్రంలోకి దిగుతుంది, దాని కింద పోర్తొనోవో దగ్గర రాళ్లకి అతుక్కుని వాటంతట అవే పెరిగే మసెల్స్‌ని (చిప్పల్లో ఉండే సముద్రపు జీవులు) అక్కడ మోషొలి అంటారు. ఎవరూ తాళ్లకి కట్టి పెంచరు, మనుషులు నీళ్లలోకి దిగి రాళ్ల మీంచి గీకి తేవాల్సిందే. వేడి గిన్నెలో వేసి మూత పెడితే చిప్పలు విచ్చుకుంటాయి, పైన ఆలివ్ నూనె, మిరియాలు, కాస్త నిమ్మరసం. అంతకు మించి ఏమీ లేదు. ఒక చిప్ప నోట్లో వేసుకుని, ఆ ఉప్పు నీళ్ల రుచి ఇంకా పోకముందే ఒక గుక్క వైన్ తాగితే, ముందు నిమ్మతొక్క వాసన, తర్వాత పచ్చి ఆపిల్ కొరికినట్టు పులుపు, మింగాక మెల్లగా ఆ బాదం చేదు వచ్చాయి. నెలల క్రితం చప్పగా అనిపించిన వైన్ ఇదే అంటే నమ్మబుద్ధి కాలేదు. చలికి నాలుక మొద్దుబారి, వాసన గ్లాసులోంచి పైకి లేవకపోతే మిగిలేది పులుపు ఒక్కటే. ఆ హోటల్లో నేను తాగింది పులుపుని మాత్రమే.

అప్పటి నుంచి ఈ వైన్ గురించి దొరికిందల్లా చదివాను, దొరికిన సీసా అల్లా తాగాను, వారాంతాల్లో బస్సెక్కి ఆ ఊళ్లన్నీ తిరిగాను. ఇప్పుడు ఎవరైనా ఇటాలియన్ వైట్ వైన్ ఏదైనా చెప్పమంటే నేను చెప్పే పేరు ఇదే. మామూలుగా వాళ్లు "ఓ, ఆ చేపల వైనా" అంటారు. అక్కడే నాకు బాధేస్తుంది. చేపలతో బాగుంటుంది, నిజమే. కానీ ఆ ఒక్క మాట వల్ల దాన్ని బాగా చల్లబరిచి, కొత్తదే తాగేసి, రొయ్యలో చేప ముక్కో పక్కన పెట్టేసుకుని, ఇంతే అనుకునేవాళ్లు చాలా మంది. ఆ వైన్ చేయగలిగిన దాంట్లో అది సగం కూడా కాదు.

పేరు గురించి చెప్పి ముందుకెళ్తాను. వెర్దె అంటే ఇటాలియన్‌లో ఆకుపచ్చ. ఈ ద్రాక్ష బాగా పండాక కూడా పండ్ల మీద ఆ పచ్చదనం పూర్తిగా పోదు, వైన్‌లో కూడా కొత్తగా ఉన్నప్పుడు కాస్త పచ్చ ఛాయ కనిపిస్తుంది. పూర్తి పేరు వెర్దిక్కియో దెయ్ కాస్తెల్లి ది యేజి, అంటే యేజి పట్టణం చుట్టూ ఉన్న కోట ఊళ్ల వెర్దిక్కియో అని. కాస్తెల్లి అనగానే రాజభవనాలు ఊహించుకోకండి. ఎజీనో నదికి రెండు వైపులా ఉన్న గుట్టల మీద, చుట్టూ ప్రహరీ గోడలతో, ఒకప్పుడు యేజి అధికారం కింద ఉన్న చిన్న చిన్న ఊళ్లు అవి: కుప్రమొంతానా, స్తాఫ్ఫొలో, మొంతెకరొత్తో, కాస్తెల్‌ప్లానియో, ఇలా. యేజి కూడా చిన్నదే అయినా చరిత్రలో దానికో చోటుంది. 1194 డిసెంబర్ 26న పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ పుట్టింది అక్కడే, తల్లి కాన్‌స్టన్స్ ప్రయాణంలో ఉండగా. ఊరి మధ్య కూడలిలో డేరా వేయించి, అందరూ చూస్తుండగా ఆవిడ బిడ్డను కన్నదని కథగా చెప్పుకుంటారు. ఆ కూడలికి ఇప్పుడు ఆయన పేరే.

ద్రాక్ష మాత్రం ఇంత దూరంలో ఉన్న ఇంకో రెండు వైన్లకి చుట్టం. డిఎన్ఎ పరీక్షలు చేస్తే ఉత్తర ఇటలీలోని వెనెతో ప్రాంతంలో త్రెబ్బియానో ది సొఆవె అని పిలిచే ద్రాక్ష, గార్దా సరస్సు ఒడ్డున లుగానా వైన్‌కి వాడే ద్రాక్ష, ఇవి వెర్దిక్కియోకి చాలా దగ్గరివే అని తేలింది. అంటే ఉత్తరం నుంచి ఇటు వచ్చి ఇక్కడ స్థిరపడి ఉండొచ్చు. కానీ వచ్చాక ఇక్కడి మట్టికి, గాలికి అలవాటు పడిపోయింది. సున్నం కలిసిన బంకమట్టి, ఒక పక్క అపెన్నైన్ పర్వతాలు, ఇంకో పక్క సముద్రం. సెప్టెంబర్ చివర్లో, అక్టోబర్‌లో కోస్తారు. అంత ఆలస్యంగా కోసినా పండులో పులుపు తగ్గిపోదు, ఈ ద్రాక్షకున్న పెద్ద ఆస్తి అదే. ఈ పులుపు వల్లే దీంతో బుడగల వైన్ చేస్తారు, ద్రాక్షని ఎండబెట్టి తీపి వైన్ చేస్తారు, పదేళ్లు దాచే వైన్ కూడా చేస్తారు.

మరి ఇన్ని చేయగల ద్రాక్షకి చేపల వైన్ అన్న ముద్ర ఎలా పడింది? ఒక సీసా వల్ల.

కాస్తెల్‌ప్లానియోలో ఫాత్సి బత్తాల్యా అనే వైన్ కంపెనీ 1949లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి కొద్ది ఏళ్లే, ఊళ్లలో కౌలు రైతులు ఎక్కువ, బయటి వాళ్లకి ఈ వైన్ పేరు కూడా తెలీదు. అందరి కంటా పడే సీసా ఒకటి కావాలనుకున్నారు వాళ్లు. 1950ల మొదట్లో అంతోనియో మయోక్కి అనే ఆర్కిటెక్ట్ గీసిన డిజైన్‌ని తీసుకున్నారు. పాత కాలంలో నూనె, వైన్ ఓడల్లో పంపే మట్టి కూజా ఉండేది కదా, ఆంఫోరా, దాని ఆకారంలో ఆకుపచ్చ గాజు సీసా. నడుము దగ్గర సన్నగా, పైనా కిందా వెడల్పుగా. మెడకి చిన్న కాగితం చుట్ట కట్టి, అందులో వైన్ గురించి నాలుగు మాటలు. ఎంత దూరం నుంచి చూసినా గుర్తుపట్టొచ్చు. ఇటలీలోనూ, బయటి దేశాల్లో ఇటాలియన్ హోటళ్లలోనూ ఆ సీసా పాకిపోయింది, మిగతా కంపెనీలు కూడా అలాంటి ఆకారాలే పట్టుకున్నాయి. గడ్డి చుట్టిన సీసా అంటే కియాంతి రెడ్ వైన్ అన్నట్టే, ఆంఫోరా సీసా అంటే వెర్దిక్కియో, పక్కన చేపల పళ్లెం.

ఆ సీసా ఈ ప్రాంతానికి చేసిన మేలు తక్కువేం కాదు. ఆ ఊళ్లలో ద్రాక్ష సాగు నిలబడిందంటే దానికి ఆ సీసా పెద్ద కారణం, దాన్ని వెక్కిరించే వాళ్లంటే నాకు ఇష్టం ఉండదు. మా ఇంటావిడ పెళ్లి ఫోటోలో కూడా బల్ల మీద ఆ సీసాలే వరసగా ఉన్నాయి. కానీ సీసా అమ్ముడుపోతోందంటే లోపలేముందో అడిగేవాళ్లు తగ్గారు. ఎకరానికి ఎన్ని ఎక్కువ గుత్తులు కాస్తే అంత లాభం, పల్చటి వైన్ అయినా చల్లగా ఇస్తే చెల్లిపోతుంది. అలా కొన్ని దశాబ్దాలు నడిచింది. 1980ల్లో కొంతమంది వేరే దారి పట్టారు, గుత్తులు తగ్గించారు, మామూలు ఆకారం సీసాల్లో పోశారు, ముఖ్యంగా వైన్‌ని ఆగనిచ్చారు. అంపేలియో బుచ్చి చేసిన విల్లా బుచ్చి రిసెర్వా (రిసెర్వా అంటే అమ్మే ముందు ఎక్కువ కాలం ఆగనిచ్చిన వైన్) అందరికీ తెలిసిన ఉదాహరణ. దాన్ని కొత్త ఓక్ చెక్క పీపాల్లో కాకుండా ఎన్నో ఏళ్ల నాటి పెద్ద పీపాల్లో ఉంచారు, పీపా చెక్క వాసన వైన్‌కి అంటకుండా గాలి మాత్రం కొంచెం కొంచెం తగిలేలా. ఆయనకి వైన్ తయారీలో తోడున్న జోర్జో గ్రాయి ఒకప్పుడు కార్ రేసులు నడిపిన మనిషి, అంత వేగం చూసిన వ్యక్తి ఇంత నిదానంగా తయారయ్యే వైన్ చేశారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. గరోఫొలి వాళ్ల పోదియుమ్ ఇంకో దారి, చెక్క అసలు తగలనీయకుండా స్టీలు ట్యాంకుల్లోనే ఉంచుతారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని తాగితే, ఒకే ద్రాక్షలో ఎంత ఉందో తెలిసిపోతుంది.

ఇక తిండి.

అంకోనాలో బ్రొదెత్తో చేస్తారు, చేపల పులుసు లాంటిది. పదమూడు రకాల చేపలు ఉండాలని అక్కడి వాళ్ల పట్టుదల, ఏ రోజు ఏది దొరికితే అది, కటిల్ ఫిష్ దగ్గర్నుంచి ముళ్లు నిండిన చిన్న చేపల దాకా. ఉల్లిపాయ, టమాటా, దాంతో పాటు వెనిగర్. ఆ వెనిగర్ దగ్గరే చాలా వైన్లు ఓడిపోతాయి. తిండిలో పులుపు వైన్‌లో పులుపు కంటే ఎక్కువైతే వైన్ ఒక్కసారిగా చప్పబడిపోతుంది, నీళ్లు కలిపినట్టు. వెర్దిక్కియో ఆ పులుపుకి సరిపడా పులుపు తనలోనే పెట్టుకుని వస్తుంది కాబట్టి పక్కన నిలబడగలుగుతుంది. టమాటా తీపి, చేప నూనె, వెనిగర్ ఘాటు మూడూ నోట్లో ఉండగా ఒక గుక్క తాగితే నాలుక కడిగినట్టై మళ్లీ తినాలనిపిస్తుంది. చివర్లో గిన్నె అడుగున మిగిలిన పులుసులో కాల్చిన రొట్టె ముంచుకుని తింటారు. అప్పటికి సీసాలో కూడా అడుగునే ఉంటుంది.

చేపతో రెడ్ వైన్ తాగితే కొన్నిసార్లు నోట్లో నీచు వాసన, ఇనుము నాకినట్టు రుచి వస్తుంది కదా. దాని కారణం చాలా కాలం టానిన్ల మీదకి, అంటే రెడ్ వైన్‌లో వగరు తెచ్చే పదార్థాల మీదకి నెట్టేవారు. 2009లో జపాన్ పరిశోధకులు రకరకాల వైన్లని స్కాలప్స్ అనే సముద్రపు చిప్పల మాంసంతో కలిపి రుచి చూపించి పరీక్షిస్తే, వైన్‌లో ఇనుము ఎంత ఎక్కువ ఉంటే ఆ నీచు అంత ఎక్కువ అని తేలింది. వైట్ వైన్లలో సాధారణంగా ఇనుము తక్కువ. కాబట్టి చేపకి వైట్ అనే పాత మాట వెనక నిజంగానే ఒక కారణం ఉంది. నాకు అభ్యంతరం ఆ మాటతో లేదు, అక్కడే ఆగిపోవడంతో ఉంది.

ఎందుకంటే ఈ వైన్‌తో నేను తిన్న అన్నిటికంటే గొప్ప వంట పచ్చి చేపది కాదు. ఎండు చేపది. నార్వేలో కాడ్ చేపని ఉప్పు కూడా వేయకుండా చలిగాలికి నెలల తరబడి వేలాడదీసి కర్రలా ఎండబెడతారు. దాన్నే స్తొక్కఫిస్సో అంటారు. రేవు పట్టణం కాబట్టి ఓడల్లో ఈ చేప అంకోనాకి వచ్చింది, వచ్చి అక్కడి వంటయిపోయింది. అంకోనాలో దీని వంట పద్ధతిని కాపాడటానికి ఒక అకాడమీయే ఉంది.

మా ఇంటావిడ చలికాలంలో రెండు మూడు సార్లు చేసేవారు. చేపని రోజుల తరబడి నీళ్లు మార్చుతూ నానబెట్టాలి, ఆవిడ నానబెట్టినదే కొనేవారు. పెద్ద గిన్నె అడుగున సన్నటి వెదురు లాంటి పుల్లలు పరుస్తారు, చేప అడుగంటకుండా. దాని మీద చేప ముక్కలు, ఉల్లి, క్యారెట్, సెలెరీ సన్నగా తరిగి, ఆంకోవీలు అనే చిన్న చేపలు, టమాటాలు, పైన పెద్ద పెద్ద బంగాళదుంప ముక్కలు. తర్వాత ఆలివ్ నూనె పోస్తారు. ఎంత పోస్తారో మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు, కప్పులకి కప్పులు. తర్వాత వెర్దిక్కియో పోస్తారు. మూత పెట్టి, సన్న సెగ మీద రెండు గంటల పైనే. గరిటె పెట్టి కలపకూడదు, గిన్నెని అటూ ఇటూ కదపాలి అంతే. నేను ఒకసారి గరిటె తీసుకుంటే చేతిలోంచి లాగేసుకున్నారు.

వండాక ఆ చేప పొరలు పొరలుగా విడిపోతుంది, జిగురుగా ఉంటుంది, వాసన బలంగా ఉంటుంది, బంగాళదుంపలు నూనెనీ వైన్‌నీ పీల్చుకుని వెన్నలా అయిపోతాయి. దీని పక్కన కొత్త వెర్దిక్కియో, అంటే కిందటి ఏడాది పంటది, పెట్టి చూడండి, పులుపు బాగానే ఉంటుంది కానీ తిండి బరువు ముందు పిల్లాడిలా కనిపిస్తుంది. దీనికి ఐదారేళ్లు ఆగిన రిసెర్వా కావాలి. అప్పటికి వైన్‌లో నిమ్మ వాసన వెనక్కి వెళ్లి తేనె, ఎండు గడ్డి, సోపు గింజలు, వేయించిన హేజెల్‌నట్ లాంటి వాసనలు వస్తాయి, నోట్లో కాస్త చిక్కగా ఉంటుంది, పులుపు మాత్రం ఎక్కడికీ పోదు. ఆ చిక్కదనం చేప జిగురుకి, పులుపు నూనెకి, చివరి చేదు టమాటా తీపికి. మూడింటికి మూడూ కుదురుతాయి. తీపి అసలు లేని వైన్ ఇంత నిండుగా ఉండగలదని నాకు ఆ రాత్రే తెలిసింది.

మాంసంతో కూడా. స్తాఫ్ఫొలోలో ఒక చిన్న భోజనశాలలో కొనీల్యో ఇన్ పోర్కెత్తా తిన్నాను. ఎముకలు తీసిన కుందేలు లోపల అడవి సోపు ఆకులు, వెల్లుల్లి, దాని కాలేయం, కాస్త పంది కొవ్వు కూరి, చుట్టి, కాలుస్తారు. వెర్దిక్కియోలో వయసుతో వచ్చే సోపు వాసన, ఆ మాంసంలో సోపు ఆకు వాసన ఒకదాన్నొకటి పిలుచుకున్నట్టు ఉంటాయి. వేరే రోజు కోడిని పొతాక్కియో పద్ధతిలో తిన్నాను, వెల్లుల్లి, రోజ్‌మేరీ, వైట్ వైన్ వేసి ముక్కల్ని మగ్గబెట్టడం, దానికీ ఇదే. తెల్ల మాంసాలకి ఈ వైన్ ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు, పక్కనే ఉన్న ఊళ్ల వాళ్లు ఎప్పటినుంచో పెడుతున్నారు.

కూరగాయల్లో ఆర్టిచోక్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అందులో సైనరిన్ అనే పదార్థం ఉంటుంది, అది తిన్నాక నోట్లోకి వెళ్లేది ఏదైనా కాస్త తియ్యగా అనిపిస్తుంది, మంచి నీళ్లు కూడా. అందుకే చాలా వైన్లు దాని పక్కన జిగటగా, వింతగా తగులుతాయి. పులుపూ చేదూ రెండూ ఉన్న వైన్ అయితే ఆ తీపి దాన్ని అంతగా పాడుచేయదు. మే నెలలో పచ్చి ఫావా గింజలు వలుచుకుని పెకొరీనో చీజ్‌తో తింటారు, దానికైతే చల్లటి మామూలు వెర్దిక్కియో చాలు, రిసెర్వా దండగ. ఒలీవె అస్కొలానె కూడా అంతే: అస్కొలీ ఊరి పెద్ద ఆకుపచ్చ ఆలివ్ కాయల గింజ తీసి, మాంసం ముద్ద కూరి, రొట్టె పొడి అద్ది నూనెలో వేయిస్తారు. వాటికి బుడగల వెర్దిక్కియో పోసుకుంటే ఎన్ని తిన్నారో లెక్క తెలీదు.

ఒక్క చోట మాత్రం నేను వెర్దిక్కియో జోలికి వెళ్లను. విన్చిస్గ్రాస్సి అని మార్కె వాళ్ల లజాన్యా ఉంది, కోడి లోపలి భాగాలు, మాంసం వేసి గంటల తరబడి ఉడికించిన సాస్‌తో పొరలు పొరలుగా చేస్తారు. దానికి అక్కడి వాళ్లు కోనెరో కొండ రెడ్ వైన్ తాగుతారు, వాళ్లదే ఒప్పు. తీపి వంటకాలతో కూడా వద్దు, డ్రై వైన్, అంటే తీపి లేని వైన్, ఏదైనా తీపి పక్కన పుల్లటి నీళ్లైపోతుంది.

కొనేటప్పుడు లేబుల్ మీద చూడాల్సినవి తక్కువే. డిఓసి, అంటే ఏ ప్రాంతంలో ఏ నియమాలతో చేశారో చెప్పే ఇటలీ గుర్తింపు, 1968 నుంచి ఉంది, కనీసం 85 శాతం వెర్దిక్కియో ఉండాలని నియమం, మంచి వాళ్లు నూటికి నూరు శాతం అదే వాడతారు. క్లాస్సికో అంటే పాత, అసలు ప్రాంతం లోపల పండింది. సుపెరియోరె అంటే ఆల్కహాల్ కనీసం 12 శాతం, అంటే ద్రాక్ష ఇంకాస్త పండాక కోసింది, మామూలుగా తాగడానికి నేను కొనేది ఇదే. రిసెర్వాకి 2010లో డిఓసి కంటే పై గుర్తింపు అయిన డిఓసిజి ఇచ్చారు, కనీసం 18 నెలలు ఆగాలి, అందులో ఆరు నెలలు సీసాలో. నా మాట వింటే ఆ 18 నెలల్ని మొదలు అనుకోండి, కొన్నాక ఇంకో మూడేళ్లు దాచండి.

లేబుల్ మీద యేజి బదులు మతేలికా అని కనిపిస్తే అది ఇంకో వెర్దిక్కియో, దానికి డిఓసి ఒక ఏడాది ముందే, 1967లో వచ్చింది. యేజి ఊళ్లకి సముద్రపు గాలి తగులుతుంది. మతేలికా లోపలెక్కడో కొండల మధ్య ఉంది, అక్కడి లోయ ఉత్తర దక్షిణాలుగా పడుకుని ఉంటుంది కాబట్టి సముద్రం నుంచి గాలి రాదు, పగలు ఎండ, రాత్రి చలి. వైన్ కూడా అలాగే ఉంటుంది, బిగుతుగా, పులుపు ఇంకాస్త పదునుగా. లా మొనచెస్కా వాళ్ల మీరుమ్ దొరికితే వదలకండి. రెండింట్లో ఏది మేలు అని నన్ను అడిగితే మతేలికా వైన్ మాంసానికి, యేజి వైన్ సముద్రానికి అంటాను, కానీ స్తొక్కఫిస్సో ముందు పెడితే ఆ మాట మీద కూడా నిలబడలేను.

పోయడం గురించి: మామూలుది 10 డిగ్రీల దగ్గర, రిసెర్వా 12 నుంచి 14 మధ్య. కొలవడానికి ఏమీ లేకపోతే ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బల్ల మీద ఉంచండి. గ్లాసు మరీ చిన్నది వద్దు, వాసన తిరగడానికి చోటు కావాలి. పాత సీసా అయితే మూత తీసి కాసేపు వదిలేయండి, మొదటి పది నిమిషాలు ఏమీ చెప్పని వైన్ తర్వాత విచ్చుకోవడం నేను చాలా సార్లు చూశాను.

చదువు అయిపోయి వచ్చేసే ముందు కుప్రమొంతానా వెళ్లాను. ద్రాక్ష పండగ 1928 నుంచి చేస్తున్న ఊరు, వైన్ లేబుళ్లకి ఒక మ్యూజియం కూడా పెట్టుకున్నారు. అక్కడ రెండు రిసెర్వా సీసాలు కొని ఒకటి ఇంటావిడకి ఇచ్చాను. ఆవిడ సంవత్సరం చూసి, పెన్సిల్‌తో లేబుల్ మూల మీద ఒక అంకె రాశారు, అప్పటికి ఎనిమిదేళ్ల తర్వాతది. "ఆ ఏడాదికి ముందు తీయొద్దు, నీది కూడా" అన్నారు.

ఆ ఏడాది కిందటి చలికాలంలో వచ్చింది. నేను అంకోనా వెళ్లాను. ఆవిడ చేతులు వణుకుతున్నాయి, అందుకని ఈసారి బంగాళదుంపలు నేను కోశాను, నూనె మాత్రం ఆవిడే పోశారు, ఎప్పటిలాగే. నా సీసా తీశాం. రంగు ముదురు బంగారం అయిపోయింది, వాసన మైనం, ఎండిన చామంతి, ఏదో పొగ లాంటిది, పులుపు ఇంకా అలాగే ఉంది, చేదు మాత్రం మెత్తబడి చాలాసేపు నిలిచింది. ఇద్దరం కలిపి సగమే తాగగలిగాం. మిగతాది బిరడా పెట్టి కిటికీ గట్టు మీద వదిలేశాం, మర్నాడు మధ్యాహ్నం చల్లారిన బంగాళదుంపలతో, వేడి కూడా చేయకుండా, గిన్నెలోంచే తింటూ తాగాం. ఆవిడ సీసా ఇంకా కింద గదిలోనే ఉంది.